వంటింటి పనిముట్లు: జపాన్ కత్తుల మీద మీ ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో జపాన్ కత్తుల గురించి అడిగినవే ఎక్కువ. ఒసాకా, టోక్యోల్లో ఉద్యోగాలు చేసే పిల్లలు తెస్తున్నారు, మరికొందరు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేసి జవాబులిస్తున్నాం.

మా అబ్బాయి సంక్రాంతికి జపాన్ నుంచి వస్తున్నాడు. మంచి కత్తి తెమ్మంటే ఏ రకమో చెప్పమంటున్నాడు. ఇంట్లో నలుగురం. రోజూ కూరగాయలు, ఆకుకూరలు, ఆదివారం చికెన్. ఇన్నాళ్లూ కత్తిపీటతోనే గడిచింది. మోకాళ్ల నొప్పులతో ఇక కింద కూర్చోలేను.
— ఒక గృహిణి, పటమట, విజయవాడ

అమ్మా, శాంతోకు తెమ్మనండి. అలుగు పొడవు 165 నుంచి 180 మిల్లీమీటర్లు ఉంటే చాలు. శాంతోకు అంటే 'మూడు సుగుణాలు'. కూరగాయలు, చేప, మాంసం మూడింటికీ పనికొస్తుందని ఆ పేరు. గ్యూతో అనే పొడవాటి చెఫ్ కత్తి, 210 మిల్లీమీటర్లది, కూడా మంచిదే గానీ దానికి పెద్ద పలక, పెద్ద గట్టు కావాలి. మన అపార్ట్‌మెంట్ వంటగదుల్లో పొయ్యికీ సింకుకీ మధ్య మిగిలే జాగాలో అది ఇమడదు. చికెన్ ఎలాగూ షాపులోనే ముక్కలు కొట్టించుకుంటాం, ఇంట్లో కోసేవి కూరగాయలే అనుకుంటే నకిరి చూడమనండి. దీర్ఘచతురస్రంగా, పలచగా ఉంటుంది. అంచు తిన్నగా ఉండటం వల్ల పలకకు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తాకుతుంది. తోటకూర, గోంగూర తరిగితే ముక్కలు తెగీ తెగక దండలా వేలాడవు.

ఉక్కు విషయంలో మా సలహా సూటిగా చెబుతాం. మొదటి కత్తి స్టెయిన్‌లెస్‌దే తీసుకోండి. వీజీ-10 గానీ, గిన్‌సాన్ గానీ. కార్బన్ ఉక్కులో షిరొగామి, అవొగామి అని రెండు ప్రసిద్ధ రకాలు ఉన్నాయి. తెల్ల కాగితం, నీలి కాగితం అని అర్థం. షిమానే ప్రాంతంలోని యాసుగిలో తయారయ్యే ఈ ఉక్కుకు చుట్టే కాగితం రంగును బట్టి ఆ పేర్లు వచ్చాయి. తెల్లది దాదాపు ఇనుము, కార్బనే. నీలిదానిలో క్రోమియం, టంగ్‌స్టన్ కలుపుతారు కాబట్టి పదును ఇంకొంచెం ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ రెండూ తుప్పు పట్టేవే. చింతపండు చేత్తో ముట్టుకుని, ఆ చేత్తోనే కత్తి పట్టుకుని, మధ్యలో కుక్కర్ కూతకి లేచి వెళ్లే వంటింట్లో అవి ఇబ్బంది పెడతాయి. కార్బన్ పదునే కావాలి, తుప్పు భయం కూడా తగ్గాలి అంటే మధ్యేమార్గం ఒకటుంది. లోపల కార్బన్ ఉక్కు, రెండు వైపులా స్టెయిన్‌లెస్ పొర ఉన్న కత్తి. అప్పుడు అంచు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల మేర జాగ్రత్తపడితే సరిపోతుంది.

ఊళ్ల పేర్లు అబ్బాయికి పనికొస్తాయి. ఒసాకా పక్కనున్న సకాయి, గిఫులో సేకి, ఫుకుయిలో ఎచిజెన్, నీగటాలో సంజో, కొచి వైపు తోసా. సకాయిలో ఒక కత్తి ముగ్గురి చేతుల మీదుగా వస్తుంది. కొలిమి పని ఒకరిది, సాన ఒకరిది, పిడి ఒకరిది. గుంటూరు పాఠకులకు ఓ ముచ్చట: సకాయి కత్తులకు దేశమంతా పేరు తెచ్చింది పొగాకే. పోర్చుగీసు వాళ్లతో 16వ శతాబ్దంలో పొగాకు జపాన్ చేరాక, ఆకును సన్నగా తరిగే కత్తులు చేసింది ఆ ఊరి కమ్మరులు.

షాపులో అబ్బాయి రెండు పనులు చేయాలి. అలుగును కంటికెదురుగా పట్టుకుని, పిడి వైపు నుంచి మొన దాకా బాణం చూసినట్టు చూసి, వంకర లేదని తేల్చుకోవాలి. అక్కడే 1000 నంబరు నీటి సానరాయి కూడా కొనాలి (నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు). రాయి లేకుండా ఈ కత్తి కొంటే ఆరు నెలల తర్వాత అది మామూలు కత్తే. విమానంలో చెక్-ఇన్ సామానులోనే వేయాలి. జపాన్‌లో 6 సెంటీమీటర్లు దాటిన కత్తిని సరైన కారణం లేకుండా వెంట తిప్పకూడదు. షాపువాళ్లు కట్టిన ప్యాకింగ్ విప్పకుండా నేరుగా పెట్టెలో పెట్టేయమనండి.

ఒక్క మాట. కత్తిపీటలో అలుగు కదలదు, కూరగాయనే దాని మీదకు తోస్తాం. ఇక్కడ అదంతా తిరగబడుతుంది. ఎడమచేతి వేళ్ల కొనలు లోపలికి మడిచి, కణుపులకు ఆనుకుని అలుగు కిందికీ ముందుకీ జరగాలి. మొదటి రెండు వారాలు నిదానంగా, సొరకాయ, దోసకాయ లాంటి మెత్తటివాటితో అలవాటు చేసుకోండి.

నీలి ఉక్కు కత్తి వాడుతున్నాను. వారంలోనే నల్లబడింది. అరటికాయ కోస్తే ముక్కలు కూడా నల్లగా అవుతున్నాయి. మోసపోయానా?
— బ్రాడీపేట, గుంటూరు

మోసం ఏమీ లేదు. పాత ఇనుప కత్తిపీట మీద వంకాయ తరిగినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. అరటికాయ, అరటిపువ్వు, వంకాయల్లోని వగరు ఇనుముతో కలిస్తే నల్లటి కర పడుతుంది. అది హానికరం కాదు, చూడ్డానికి బాగోదంతే. ముక్కల్ని మజ్జిగ నీళ్లలో వేసే పాత పద్ధతే ఇక్కడా పనిచేస్తుంది.

అలుగు మీద బూడిద, నీలం రంగుల్లో పరుచుకున్న పలచటి పొరను పోగొట్టుకోకండి. అది కింది ఉక్కును కొంత కాపాడుతుంది. ఆ పొర కుదురుకునే కొద్దీ కూరగాయల్లోకి ఇనుప వాసన రావడం కూడా తగ్గుతుంది. భయపడాల్సింది ఎర్ర తుప్పుకి. వేలితో రుద్దితే నారింజ రంగు అంటుకుందంటే అది తుప్పే. అది పొడిపొడిగా ఉండి తడిని పట్టుకుని లోపలికి తింటూ పోతుంది.

పొర త్వరగా ఏర్పడాలంటే కత్తిని సబ్బుతో జిడ్డు లేకుండా కడిగి, తుడిచి, వేడి వెనిగర్‌లో ముంచిన గుడ్డతో అలుగంతా తుడవండి. ఐదు నుంచి పది నిమిషాలు ఆగి కడిగేయండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే సమంగా బూడిద రంగు వస్తుంది. పిడికి వెనిగర్ తగలనీయకండి.

రోజూ చేయాల్సింది: నిమ్మకాయ, టమాటా, పచ్చి మామిడి, గోంగూర కోశాక వెంటనే తడిగుడ్డతో తుడవాలి. వంటయ్యేదాకా ఆగితే ఆలస్యమే. పని పూర్తయ్యాక మెత్తటి స్పాంజితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పది నిమిషాలు గాలికి ఉంచి అప్పుడు లోపల పెట్టాలి. అంట్ల గిన్నెలతో పాటు సింకులో పడేస్తే మూడు నష్టాలు: తుప్పు, అంచు దెబ్బతినడం, గిన్నెలు తోమే మనిషి చెయ్యి తెగడం. స్టీలు పీచు అసలు వద్దు.

తుప్పు మచ్చ కనిపిస్తే వంటసోడాను ముద్దలా కలిపి బెండు బిరడాతో అలుగు పొడవునా రుద్దండి. సానరాయి మీద వచ్చే బురద ఇంకా బాగా పనిచేస్తుంది. ఇత్తడికి అలవాటైన నిమ్మకాయ, ఉప్పు వైద్యం దీనికి చేయకండి. ఉప్పు మిగిలిన చోటల్లా మర్నాటికి మళ్లీ తుప్పే.

కర్రీ పాయింట్ నడుపుతున్నాను. జపాన్ గ్యూతో కొన్నాను. నెల తిరగకుండా అంచు పళ్లు పళ్లుగా పెచ్చులు ఊడింది. ఇంత ఖరీదైన ఉక్కు ఇలా ఎందుకు విరుగుతుంది?
— అరండల్‌పేట, గుంటూరు

గట్టిది కాబట్టే విరిగింది. యూరప్ వంటకత్తులు ఉక్కు గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 55 నుంచి 58 ఉంటే, ఈ కత్తులు 60 నుంచి 64 దాకా ఉంటాయి. పైగా అంచు ఒక్కో వైపు 15 డిగ్రీలకో అంతకన్నా తక్కువకో సాన పట్టి ఉంటుంది. మెత్తటి ఉక్కు దెబ్బ తగిలితే వంగుతుంది, దాన్ని స్టీలు కడ్డీ మీద రాసి సరిచేయొచ్చు. గట్టి ఉక్కు వంగదు, పెచ్చు ఊడుతుంది. గీతలున్న స్టీలు కడ్డీ మీద దీన్ని రాస్తే ఉన్న పెచ్చులకు ఇంకో నాలుగు తోడవుతాయి.

మీరు ఏం కోస్తున్నారో రాయలేదు. అయితే ఈ కత్తి తాకకూడనివి ఇవి: ఎముక, ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మాంసం, పీత డిప్పలు, కొబ్బరి చిప్ప, ఎండుకొబ్బరి, బెల్లం అచ్చు, మామిడి టెంక. గుమ్మడికాయ, కంద కోసేటప్పుడు ఇరుక్కున్న అలుగును అటూ ఇటూ మెలిపెడితే మొదట పోయేది అంచే. ఇరుక్కుంటే మెలిపెట్టకుండా నేరుగా వెనక్కి లాగాలి.

రెండో అనుమానం మీ పలక మీద. గ్రానైట్ గట్టు, గాజు, స్టీలు పళ్లెం మీద కోస్తే ఏ కత్తీ నిలవదు. వెదురు పలక కూడా వీటికి గట్టిదే. చెక్క నిలువు పోగులు పైకి కనిపించేలా అతికించిన పలక గానీ, మందపాటి మెత్తటి ప్లాస్టిక్ బోర్డు గానీ వాడండి. చింతమొద్దు మాంసం కొట్టే బరువు కత్తికి పుట్టింది, దాన్ని అక్కడే ఉంచండి. తరిగిన ముక్కల్ని పక్కకు జరిపేటప్పుడు అంచుతో గీకడం అందరూ చేసే తప్పు. కత్తిని తిప్పి వీపుతో జరపాలి.

మిల్లీమీటరు లోపు పెచ్చులైతే 400 నంబరు రాయి మీద గంట పనితో పోతాయి. అంతకన్నా లోతైతే నీటి సానరాళ్ల మీద పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. ఇంకో సంగతి, మీకు నచ్చకపోయినా చెప్పాలి. పది చేతులు మారే వంటశాలకు ఈ కత్తి కాదు. ఉల్లిపాయలు తరిగే కుర్రాళ్లకు మామూలు స్టెయిన్‌లెస్ కత్తులిచ్చి, దీన్ని ఒక్క మనిషి చేతిలోనే ఉంచండి.

ఇంట్లోనే సాన పట్టడం దశలవారీగా చెప్పండి. వీడియోలు చూసి చేస్తే కత్తి ఇంకా మొద్దుబారింది.
— ఒక రిటైర్డ్ ఉద్యోగి, తెనాలి

మొద్దుబారడానికి రెండే కారణాలు. రాయి అంచుదాకా చేరకపోవడం, లేదా కోణం నిలవకపోవడం. ముందు సామగ్రి. 1000 నంబరు రాయి తప్పనిసరి. మెరుగుకు 3000 నంబరుది. ఇంటికి ఈ రెండు చాలు. 6000 నంబరు దాకా వెళ్తే అంచు అద్దంలా నునుపవుతుంది గానీ టమాటా తొక్క మీద జారుతుంది. కాస్త గరుకు మిగలడమే మేలు. హార్డ్‌వేర్ షాపులో దొరికే నల్లటి కార్బొరండం రాయి కొడవళ్లకు సరే, దీనికి మరీ ముతక.

నానబెట్టాల్సిన రాయి అయితే నీళ్లలో బుడగలు ఆగేదాకా, అంటే పది పదిహేను నిమిషాలు ఉంచండి. కొన్ని రాళ్ల మీద నీళ్లు చిలకరిస్తే చాలు, నానబెడితే పగుళ్లిస్తాయి. డబ్బా మీద ఏది రాసి ఉంటే అదే పాటించండి. రాయి కింద తడిగుడ్డ మడిచి వేస్తే జారదు.

కోణం సంగతి. 15 డిగ్రీలంటే ఎంతో కంటికి తెలియదు, అందుకే మిల్లీమీటర్లలో చెబుతాం. అలుగు వెడల్పు 45 మిల్లీమీటర్లుంటే వీపు రాయి నుంచి 11, 12 మిల్లీమీటర్లు లేవాలి. 50 ఉంటే 13. సుమారుగా చిటికెన వేలి కొన దూరేంత సందు. అంచు పొడవునా మార్కర్ పెన్నుతో నల్లగా గీసి, రాయి మీద రెండుసార్లు రుద్ది చూడండి. రంగు అంచు కొసన పోతే కోణం సరిపోయినట్టు. పైన పోయి కొసన మిగిలితే వీపు ఇంకొంచెం లేపాలి. మీ కత్తి మొద్దుబారడానికి కారణం ఈ పరీక్షలోనే బయటపడే అవకాశం ఎక్కువ.

అంచు మీ వైపు ఉండేలా కత్తిని రాయికి ఏటవాలుగా పెట్టండి. కుడిచేయి పిడి మీద, ఎడమచేతి రెండు మూడు వేళ్లు అలుగు మీద, సరిగ్గా రాయికి తగిలే చోట. ముందుకు తోసేటప్పుడు కొంచెం ఒత్తండి, మీ వైపు లాగేటప్పుడు వదిలేయండి. ఒత్తిడి సుమారు కిలో. నమ్మకం కలగకపోతే రాయిని వంటింటి త్రాసు మీద పెట్టి నొక్కి చూసుకోండి, చాలామంది మూడు నాలుగు కిలోలు ఒత్తుతుంటారు. మొన దగ్గర అలుగు వంపు తిరిగే చోట పిడిని కాస్త పైకెత్తకపోతే మొన మొద్దుగా మిగిలిపోతుంది. రాయి మీద చేరే బురదను కడిగేయకండి, కోసేది అదే. ఆరిపోతుంటే నాలుగు చుక్కల నీళ్లు చాలు.

ఎన్నిసార్లు రుద్దాలని లెక్క పెట్టకండి. అవతలి వైపు అంచు మీద బొటనవేలిని వీపు నుంచి బయటికి, అంచుకు అడ్డంగా రాసి చూస్తే సన్నటి గరుకు తగలాలి. ఆటోనగర్ లేత్ షెడ్లలో 'బర్' అంటారే, అదే. పిడి దగ్గర నుంచి మొన దాకా ఎక్కడా తెగకుండా ఆ గరుకు తగిలేవరకు కత్తి తిప్పకూడదు. సగంలో తిప్పేయడమే కొత్తవాళ్ల తప్పు. తిప్పాక రెండో వైపూ అంతే. ఆ తర్వాత బరువు బాగా తగ్గించి, వైపుకి ఐదుసార్లు, మూడుసార్లు, ఒక్కసారి చొప్పున మార్చి మార్చి రుద్దండి. 3000 రాయి మీద మళ్లీ ఇదే, ఇంకా తేలిగ్గా. చివరికి మడిచిన పాత పేపరు మీద అంచును వెనక్కి నాలుగుసార్లు లాగితే మిగిలిన బర్ ఊడిపోతుంది. ఇది ఊడకపోతే కత్తి ఆ పూటకి అద్భుతంగా తెగి, మర్నాడు మొద్దుబారుతుంది.

రాయి మధ్యలో గుంట పడితే కోణం నిలవదు. రెండు మూడుసార్లు వాడాక రాయి మీద పెన్సిలుతో గళ్లు గీసి, కార్ల పెయింటింగ్ షెడ్లలో వాడే 220 నంబరు వాటర్ పేపర్ మీద నీళ్లు పోసి గీతలన్నీ పోయేదాకా రుద్దండి. పేపరు పరచడానికి మాత్రం మీ గ్రానైట్ గట్టు భేషుగ్గా పనికొస్తుంది.

ఇదంతా రెండు వైపులా సాన ఉన్న కత్తులకు. యానగిబ, ఉసుబ లాంటి ఒంటివైపు సాన కత్తుల వెనక భాగం కొద్దిగా పుటాకారంగా ఉంటుంది. దాన్ని రాయి మీద పూర్తిగా పడుకోబెట్టి రెండు మూడుసార్లు తేలిగ్గా రాయాలి అంతే. అటువైపు కోణం పెట్టారా, కత్తి చెడినట్టే.

సైకిల్ చక్రం మీద సాన పట్టేవాళ్లకి ఇవ్వొచ్చా?
— సత్యనారాయణపురం, విజయవాడ

ఇవ్వకండి. ఈ ఉక్కును కాల్చి ముంచి గట్టిపరిచాక 200 డిగ్రీల దరిదాపుల్లో మళ్లీ కాచి పెళుసుతనం తగ్గిస్తారు. పొడి చక్రం మీద పలచటి అంచు క్షణాల్లో ఆ వేడి దాటిపోతుంది. అక్కడ గట్టిదనం పోతే మళ్లీ రాదు. అంచున నీలిరంగు కనిపిస్తే దాదాపు 300 డిగ్రీలు తగిలినట్టు.

ఆన్‌లైన్‌లో డమాస్కస్ డిజైన్ కత్తులు చవగ్గా ఉన్నాయి. ఆ అలల గీతల వల్ల పదును ఎక్కువా?
— ఒక విద్యార్థి, గుణదల

ఆ గీతలకూ పదునుకూ సంబంధం లేదు. జపాన్ కత్తుల్లో అవి పక్కపొరల అందం. రెండు రకాల ఉక్కును పొరలుగా అతికించి మడిచి చేస్తారు, కోసేది మధ్యలో ఉన్న ఒంటిపొర. చవకవాటిలో చాలావరకు లేజర్‌తోనో ఆమ్లంతోనో పైపైన వేసిన బొమ్మలే. నిజమైన పొరల కత్తిలో గీతలు అంచుకు కొంచెం పైన ఆగిపోయి, అక్కడి నుంచి సాదా ఉక్కు కనిపిస్తుంది. అచ్చు వేసినదానిలో తరచు అంచుదాకా ఒకే వరస పాకి ఉంటుంది. అమ్మేవాళ్లు ఉక్కు పేరు చెప్పకుండా 'జపనీస్ స్టైల్' అని ఊరుకుంటే, ప్యాకెట్ మీద ఏ దేశంలో తయారైందో చూడండి. పాతకాలపు అసలు డమాస్కస్ కత్తులు మన దక్షిణాదిలో మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కుతో చేసినవి. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుమోసిన ఊరు. ఇప్పటి కత్తుల డిజైనుకు ఆ పేరు ఒక్కటే మిగిలింది.

మేం శాకాహారులం. పిడి దగ్గర నల్లటి కొమ్ము ఉంటుందంటున్నారు, నిజమేనా?
— మంగళగిరి

నిజమే. మాగ్నోలియా చెక్క పిడికి గేదె కొమ్ము కట్టు వేయడం అక్కడి ఆనవాయితీ. పక్కావుడ్ (జిగురు ఎక్కించి గట్టిపరిచిన చెక్క) కట్టు ఉన్నది గానీ, మొత్తం చెక్కతో చేసినది గానీ అడగండి, దొరుకుతాయి.

ఎడమచేతివాటం వాళ్లకు వేరే కత్తి కావాలా?
— లబ్బీపేట

శాంతోకు, నకిరి, గ్యూతో రెండు వైపులా సమంగా సాన ఉన్నవైతే అక్కర్లేదు. పిడి ఎనిమిది పలకలది తీసుకోండి. ఒకవైపు ఉబ్బుగా ఉండే పిడి కుడిచేతివాళ్ల కోసం చేసింది. ఒంటివైపు సాన కత్తి అయితే ఎడమచేతిదే ప్రత్యేకంగా చేయించాలి, ధర ఎక్కువ.

బొచ్చె, శీలావతి శుభ్రం చేయడానికి దేబ కొననా?
— కృష్ణలంక

దేబ చేప కండను ముల్లు నుంచి పలకలుగా విడదీయడానికి చేసింది. వీపు మందంగా కనిపించినా అంచు పెళుసే. మనం పులుసుకు నడుంముల్లుతో సహా అడ్డంగా ముక్కలు కొడతాం. మూడు నాలుగు కిలోల బొచ్చె వెన్నుముల్లు మీద దేబతో కొడితే అంచు ఊడుతుంది. మార్కెట్‌లో పెద్ద కత్తిపీట మీద కొట్టించుకోండి.

ఆరు నెలలు అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్తున్నాం. వానాకాలమంతా ఇల్లు మూసి ఉంటుంది. కార్బన్ కత్తిని ఎలా ఉంచాలి?
— మొగల్రాజపురం, విజయవాడ

కడిగి, తుడిచి, ఒక పూటంతా గాలికి ఆరనివ్వండి. పిడిలోకి అలుగు దూరే సందులో తడి ఉండిపోతే లోపలే తుప్పు పట్టి పిడి పగులుతుంది, అందుకే అంతసేపు. తర్వాత మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ రెండు చుక్కలు గుడ్డ మీద వేసి అలుగంతా పలచగా రాయండి. నువ్వుల నూనె, సన్‌ఫ్లవర్ నూనె వద్దు, నెలలు గడిస్తే బంకలా ఎండిపోతాయి. వెన్న కాగితంలో చుట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. చెక్క ఒరలో గానీ తోలు ఒరలో గానీ వదలకండి, అవి తడిని పీల్చి అలుగుకు అంటిస్తాయి. సింకు కింద అర కూడా వద్దు. సానరాయిని నీడలో మూడు నాలుగు రోజులు ఆరబెట్టాకే డబ్బాలో పెట్టండి. ఎండలో పెడితే పగులుతుంది, తడిగా మూసేస్తే బూజు పడుతుంది.